సరుకు నడిచేచోట ఒకటి, మనిషి ఆగేచోట ఒకటి

2022 జూన్‌లో ఒక వీడియో వాట్సాప్ గ్రూపుల్ని హడలగొట్టింది. కారు అద్దం తుడుస్తున్న కుర్రాడు చేతికున్న స్మార్ట్‌వాచ్‌ని టోల్ చెల్లించే ఫాస్టాగ్ స్టిక్కర్ మీదుగా పోనిచ్చాడనీ, దాంతో డబ్బు లాగేశాడనీ ఆ వీడియో కథ. అలా జరిగే వీల్లేదని ఫాస్టాగ్ చెల్లింపుల వ్యవస్థను నడిపే ఎన్‌పీసీఐ వివరణ ఇచ్చింది. ఫాస్టాగ్ సొమ్ము నమోదైన టోల్, పార్కింగ్ నిర్వాహకులకే చేరుతుంది తప్ప దారినపోయే మనిషి ఖాతాకు పోదు. అసలు అంతదాకా వెళ్లే పని కూడా లేదు. ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగు అయిన ఫాస్టాగ్ మాట్లాడేది 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మీద. వాచీల్లో, ఫోన్లలో ఉండే ఎన్‌ఎఫ్‌సీ వినేది 13.56 మెగాహెర్ట్జ్ మీద. రేడియోలో ముల్లు ఒక స్టేషన్ దగ్గర పెట్టి ఇంకో స్టేషన్ పాటల కోసం ఎదురుచూస్తే వస్తాయా?

ఇదే గందరగోళం వ్యాపారుల్నీ వెంటాడుతోంది. యంత్రాలమ్మేవాళ్లు ఆర్‌ఎఫ్‌ఐడీనీ ఎన్‌ఎఫ్‌సీనీ ఒకే గాటన కట్టి చూపిస్తారు. కొనేవాళ్లు రెంట్లో ఏది మేలని అడుగుతారు. నిజానికి రేడియో తరంగాలతో వస్తువును గుర్తుపట్టే పద్ధతులన్నిటికీ ఆర్‌ఎఫ్‌ఐడీ ఇంటిపేరు. ఎన్‌ఎఫ్‌సీ ఆ ఇంట్లో పుట్టిన పిల్ల. 2004లో నోకియా, ఫిలిప్స్, సోనీ కలిసి ఎన్‌ఎఫ్‌సీ ఫోరమ్ పెట్టి దానికో దారి వేశాయి. అందుకే ఈ ప్రశ్న వాహనం కొనాలా, స్కూటర్ కొనాలా అన్నట్టుంటుంది. బజారు వాడుకలో మాత్రం ఆర్‌ఎఫ్‌ఐడీ అంటే కొన్ని మీటర్ల దూరం నుంచే వందల ట్యాగుల్ని గబగబా చదివేసేది. ఎన్‌ఎఫ్‌సీ అంటే నాలుగు సెంటీమీటర్ల దగ్గరికి తెచ్చి, ఒక్కోదాన్నీ ఆనించాల్సింది.

వ్యాపారి అడగాల్సింది వేరే ఉంది. తన కొట్లో సరుకు తనంతట తాను రీడర్ ముందు నుంచి సాగిపోతుందా, లేక ఒక మనిషి ఆగి, ఇష్టపడి చెయ్యి ముందుకు పెడతాడా?

సరుకు సాగిపోయేచోట ఆర్‌ఎఫ్‌ఐడీయే రాజు. డెకాథ్లాన్‌లో కొన్న బట్టలన్నీ ఒక తొట్టిలో పడేస్తే చాలు, బిల్లు తెరమీద కనిపిస్తుంది. జారా దుకాణాల యజమాని ఇండిటెక్స్ 2014 నుంచి పెద్దయెత్తున ఈ బాట పట్టింది. బట్టలకిది అచ్చొచ్చిన విద్య. ఎందుకంటే వాటిలో నీళ్లుండవు, ఇనుము ఉండదు. ఆషాఢం సేల్ ముందు షట్టర్ దించి, అర్ధరాత్రి దాకా చీరలు లెక్కపెట్టే మన వస్త్ర దుకాణాల్లో చేతి రీడర్‌తో అరల పక్కన నడిచిపోతే ఆ పని చాలా ముందే తెములుతుంది. ట్యాగు కొన్ని రూపాయలే, రీడర్‌కే వేలు పోయాలి. రెండొందల చొక్కాకు కొంచెం ఆలోచించాలేమో గానీ అయిదువేల పట్టుచీరకు వెనకాడక్కర్లేదు. జరీ దట్టంగా ఉన్న చీరలపై మాత్రం ముందే పరీక్షించుకోవాలి. నీళ్లలాగే లోహం కూడా ఈ తరంగాలకు శత్రువు.

ఆ శత్రుత్వాన్ని తక్కువగా అంచనా వేసి వాల్‌మార్ట్ అంతటిదే తడబడింది. 2005 జనవరికల్లా పెట్టెలకు, ప్యాలెట్లకు ట్యాగులు అంటించి పంపాలని 2003లో తన పెద్ద సరఫరాదారులు వందమందిని ఆదేశించింది. అప్పట్లో ట్యాగులు ఖరీదు. ద్రవాలు, డబ్బాలు ఉన్న పెట్టెల్ని రీడర్లు సరిగ్గా చదవలేదు. పైగా లాభం వాల్‌మార్ట్‌ది, ఖర్చు సరఫరాదారుది. ఊపు తగ్గింది. 2010లో ఆ సంస్థ మళ్లీ గట్టిగా మొదలుపెట్టింది దేంతోననుకున్నారు? జీన్స్ ప్యాంట్లతో! నూనె డబ్బాలు, కూల్‌డ్రింకు సీసాలు అమ్మే టోకు వ్యాపారి ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. అతనికి బార్‌కోడ్ ఇప్పటికీ బంగారమే.

మనిషి ఆగేచోట లెక్క మారుతుంది, అక్కడ పని ఎన్‌ఎఫ్‌సీది. హైదరాబాద్ మెట్రో గేటు దగ్గర ప్రయాణికుడు కార్డు ఆనిస్తాడు. 2021 జనవరి 1 నుంచి అయిదువేల రూపాయల దాకా పిన్ కొట్టకుండానే బ్యాంకు కార్డు ఆనించి చెల్లించవచ్చు. ఇక్కడ దగ్గరితనం లోపం కాదు, అదే కాపలా. గేటు అయిదు మీటర్ల నుంచి కార్డులు చదివితే వెనక వరుసలో నిలబడ్డవాడి డబ్బు కూడా పోతుంది.

ఎన్‌ఎఫ్‌సీకి ఇంకో సుఖం, రీడర్ కొనుగోలుదారు జేబులోనే ఉండటం. అయితే మన దగ్గర చవక ఫోన్లలో చాలావాటికి ఆ సదుపాయమే లేదు. అలాంటప్పుడు హోటల్ బల్లలకు ఎన్‌ఎఫ్‌సీ మెనూ స్టిక్కర్లు అంటించడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. టిఫిన్ బండి దాకా పాకిన క్యూఆర్ కాగితం ఆ పని చేసిపెడుతుంది. ఫోన్ ఆనించి యూపీఐ చెల్లించే పద్ధతి 2023లో వచ్చినా కౌంటర్ మీద ఆ కాగితం చెక్కుచెదరలేదు.

క్యూఆర్ చేతులెత్తేసేది నకిలీ దగ్గర. దాన్ని ఎవరైనా జిరాక్స్ తీసుకోవచ్చు. రహస్య తాళం ఉన్న ఎన్‌ఎఫ్‌సీ చిప్ అయితే అడిగిన ప్రతిసారీ కొత్త జవాబిస్తుంది. ఖరీదైన సరుకుకూ, తలుపు తాళాలకూ ఆ ఖర్చు దండగ కాదు. కానీ చిప్ ఉందనగానే నమ్మేయకూడదు. ఎన్నో రవాణా కార్డుల్లో, ఆఫీసు గుర్తింపు కార్డుల్లో వాడిన మైఫేర్ క్లాసిక్ చిప్ తాళాన్ని 2008లో నెదర్లాండ్స్‌లోని నైమేహెన్ పరిశోధకులు విప్పి చూపించారు. ఇప్పటికీ చాలా ఆఫీసు తలుపుల దగ్గర వాడే పాతరకం 125 కిలోహెర్ట్జ్ కార్డు ఒట్టి నంబరు చెప్పి ఊరుకుంటుంది. దానికి నకలు తీయడం నిమిషాల పని.

ఆర్డరు మీద సంతకం పెట్టేముందు అమ్మేవాణ్ని యాభై ట్యాగులడగాలి. అతని ప్రదర్శన ఎప్పుడూ చెక్కబల్ల మీద, ఖాళీ అట్టపెట్టెలతో సాగుతుంది. ఆ యాభైని వ్యాపారి తన గోదాములో, తన సరుకుకే తగిలించి పదిసార్లు లెక్కపెట్టించాలి. లెక్క 47 దగ్గర ఆగితే తప్పిపోయిన మూడూ ఏ అరలో ఉన్నాయో వెళ్లి చూడాలి. ఇనుప ర్యాకుకు ఆనుకున్న అరతోనే వెతుకులాట మొదలుపెట్టవచ్చు.