పేలేకి కోపం అంటగట్టకండి

"హవాయి అగ్నిపర్వతాల కోపిష్టి దేవత పేలే." ఈ వాక్యం ఒకప్పుడు నేనే రాశాను. ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

పేలే అనగానే మనదాకా వచ్చే కథ ఒకటే. అక్కడి లావా రాయి ఇంటికి తెచ్చుకుంటే ఆవిడ శాపం తగులుతుందట. టూరిస్టులు భయపడిపోయి, క్షమాపణ ఉత్తరం జతచేసి, రాళ్లని పార్సిల్లో నేషనల్ పార్కుకి తిప్పి పంపుతుంటారు. నిజానికి ఈ శాపం పాత సంప్రదాయంలోది కాదు, ఇరవయ్యో శతాబ్దంలో పుట్టింది. సంప్రదాయంలో పేలే కాల్చేదే కాదు, కొత్త నేలని కనేది కూడా. కిలవేయా మీది హలేమౌమౌ బిలం ఆవిడ ఇల్లు. లావా ఆవిడ పంపే శిక్ష కాదు, ఆవిడే.

ఈ "ఆవిడే" అన్న మాటే కోర్టుకి ఎక్కలేదు. 1980ల్లో హవాయి దీవిలోని పునా అడవిలో బావులు తవ్వి భూగర్భ వేడితో కరెంటు తీస్తామన్నారు. అది పేలే ఒంటిని తూట్లు పొడవడమేనని ఆవిడని కొలిచేవాళ్లు కోర్టుకెళ్లారు. 1987లో హవాయి సుప్రీం కోర్టు వాళ్ల వాదన ఒప్పుకోలేదు. సరిగ్గా ఆ స్థలంలో పూజలు జరిగినట్టు రుజువు లేదట! గుడి ఉంటేనే దేవుడు అనే లెక్క ఇది. నేలే దేవత అయినచోట గర్భగుడికి హద్దులెక్కడ గీస్తారు?

"అయితే కరెంటు వద్దా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. చమురు దిగుమతి చేసుకుని దీపాలు వెలిగించుకునే దీవులవి. వాదించొచ్చు, కాదనొచ్చు. కానీ ఎదుటివాడి దేవుడికి మన కొలబద్ద పెట్టి, "నీకసలు నష్టమే లేదు" అని తేల్చేస్తే అది వాదన కాదు.

2018లో అదే పునాలో లావా 700కి పైగా ఇళ్లని మింగింది. మరోచోట నడుస్తున్న భూతాప విద్యుత్ కేంద్రం బావులు కొన్నింటినీ కప్పేసింది. "చూశారా, పగ తీర్చుకుంది!" అనబోయి ఆగాను. అదీ కోపిష్టి దేవత కథే కదా. అప్పుడు అక్కడి కొందరు టీ అనే మొక్క ఆకులు (తేయాకు కాదు) లావాకి ఎదురుగా పెట్టి తప్పుకున్నారు. ఆవిడ నేల, ఆవిడ తీసుకుంది అన్నారు. ఇల్లు పోయిన దుఃఖం లేక కాదు. నేల ఎవరిదన్న ప్రశ్నకి వాళ్ల దగ్గర జవాబు ఉంది, అంతే.

కోపిష్టి అనేస్తే మన పని సులువు. కోపం చల్లారితే చాలు, జవాబు చెప్పక్కర్లేదు. పేలే గురించి తెలుగులో రాసేవాళ్లని నాతో సహా అడుగుతున్నాను: ఆవిడకి కోపం వచ్చిందా అని కాదు, ఆ నేల మీద ఎవరి మాట చెల్లుతోందని రాయండి.