చెరువు కింద పుట్టిన పిల్లలకు నీళ్ల చదువు ఏదీ?

వేసవి సెలవులు వచ్చాయంటే మన పల్లెల్లో తల్లులకు ఒకటే దిగులు. పిల్లవాడు కనిపించకపోతే ముందు చెరువు దిక్కే పరుగెత్తుతారు. 2025 జూన్‌లో మేడిగడ్డ బరాజ్ దగ్గర గోదావరిలో స్నానానికి దిగిన ఆరుగురు కుర్రవాళ్లు మునిగి చనిపోయారు. దేశం మొత్తం మీద ఏటా 30 వేలమందికి పైగా నీట మునిగి చనిపోతున్నట్టు ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. అయినా చెరువు కట్ట మీద ఒక హెచ్చరిక బోర్డు పాతి ఊరుకుంటున్నాము. బోర్డు చదివి ఆగిపోయే పిల్లలు ఎక్కడైనా వున్నారా?

పూర్వం ఈ బాధ ఇంతగా లేదు. ప్రతి ఊళ్లో నాలుగైదు పెద్ద మోటబావులు వుండేవి. ఎండిన ఆనిగెపుకాయ బుర్రనో, మూత బిగించిన డబ్బానో నడుముకు కట్టి తండ్రో మేనమామో పిల్లవాణ్ణి బావిలోకి దింపేవాడు. గట్టు మీద పెద్దవాళ్లు నలుగురు కూర్చునేవారు. పది రోజుల్లో ఈత వచ్చేది. బోర్లు వచ్చాక ఆ బావులు పూడిపోయాయి, వాటితో పాటు ఈత నేర్పే అలవాటూ పోయింది. బావులున్న రోజుల్లో సైతం ఆడపిల్లలకు ఈత నేర్పినవారు తక్కువే. ఇప్పుడు ఆడా మగా తేడా లేకుండా ఎవరికీ రావడం లేదు. మరోపక్క చెరువుల్లో మట్టి కోసం యంత్రాలతో తవ్విన గుంతలు పైకి కనిపించవు. మోకాలి లోతు అనుకుని అడుగు వేస్తే నిలువులోతు తగులుతుంది.

ఇక హైదరాబాద్ సంగతి చూడండి. హుస్సేన్ సాగర్‌లో పిల్లలకు తెరచాప పడవలు నడపడం నేర్పుతున్నారు. 2009లో సుహేమ్ షేక్ స్థాపించిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్‌లో పేదింటి పిల్లలు ఎందరో ఈ విద్య నేర్చుకున్నారు. అక్కడ నేర్చుకున్న ప్రీతి కొంగర 2023లో చైనాలో జరిగిన ఆసియా క్రీడల్లో మన దేశం తరఫున పడవ నడిపింది. అవే క్రీడల్లో డింగీ పోటీలో వెండి పతకం తెచ్చిన నేహా ఠాకూర్ మధ్యప్రదేశ్‌లో ఒక రైతు కూతురు. భోపాల్ పెద్ద చెరువులో నేర్చుకుంది. భోపాల్‌కు సముద్రం లేదు, హైదరాబాద్‌కూ లేదు. మనకూ లేదు. చెరువులు మాత్రం వారికంటే మనకే ఎక్కువ.

డింగీ అంటే చిన్న పడవ. పిల్లలు నేర్చుకునే దాన్ని ఆప్టిమిస్ట్ అంటారు. 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన ప్లైవుడ్‌తో తయారయ్యేలా తేలికగా రూపొందించాడు. పొడవు ఎనిమిది అడుగులకు కాస్త తక్కువ, బరువు 35 కిలోలు. ముక్కు లేని తొట్టిలా వుంటుంది. ఒక తెరచాప, ఒక చుక్కాని, ఒక పిల్లవాడు, అంతే. గాలికి నేరుగా ఎదురు పోలేదు కాబట్టి అటూ ఇటూ వాలుగా, పాము నడకలా పోవాలి. ఇది చేతికి అలవాటు కావాలేగాని నోటితో చెప్పితే వచ్చేది కాదు.

అయితే నా దృష్టిలో ఆ శిబిరాల్లో నేర్చుకోవలసింది పతకాల సంగతి కాదు, అక్కడి పద్ధతి. లైఫ్ జాకెట్ కట్టుకోనిదే ఏ పిల్లనూ నీటిలోకి దించరు. పడవను కావాలనే బోల్తా కొట్టించి, మళ్లీ నిలబెట్టడం నేర్పుతారు. పడవను వదిలి ఒడ్డుకు ఈదబోవద్దు, దాన్నే పట్టుకుని వుండమంటారు. భయం అక్కడే సగం పోతుంది, ధైర్యమూ హద్దులో వుంటుంది.

గురువు ఒక్కడితో ఇది జరిగే పని కాదు. సహాయకులు కావాలి. నడుంలోతు నీళ్లలో నిలబడి పడవ వెనుక తాడు పట్టుకునేవారు, తెరచాప కట్టడంలో చేయి వేసేవారు, దిగినప్పుడు ఎందరు, ఎక్కినప్పుడు ఎందరు అని తలలు లెక్కపెట్టేవారు. ఈ లెక్క అన్నిటికంటే ముఖ్యం. పిల్ల తడబడిందని వెంటనే చుక్కాని లాక్కునే సహాయకుడు పనికిరాడు. చేతులు కట్టుకుని కళ్లు మాత్రం తిప్పకుండా వుండగలగాలి. మన ఇళ్లలో పెద్దలకు ఈ ఓపిక కష్టమే!

అటువంటి మనుషులు మన ఊళ్లలో లేరా? ముదిరాజు, బెస్త కుటుంబాల్లో తెప్పల మీద పెరిగినవారు ఎందరో వున్నారు. ఏ మూల లోతుందో, గాలి ఏ వేళకు తిరుగుతుందో వారికి తెలిసినట్టు పట్నం కోచ్‌కు తెలియదు. మత్స్యకార సంఘాల నుంచి అటువంటివారిని ఎంపిక చేసి, హైదరాబాద్‌లో కొద్దివారాలు శిక్షణ ఇప్పించి, రోజుకూలి కట్టి పెట్టుకోవచ్చు. ఉచితసేవ అని చెప్పి వారి పూట పొట్ట కొట్టవద్దు.

చోటుకు కొదువ లేదు. జనగామ జిల్లాలో దేవాదుల నీరు వచ్చే స్టేషన్ ఘన్‌పూర్ రిజర్వాయరు వుంది. మహబూబాబాద్ జిల్లాలో బయ్యారం పెద్ద చెరువు వుంది, గణపతిదేవుని చెల్లెలు మైలాంబ శాసనం వేయించిన చోటు. భూపాలపల్లి జిల్లాలో గణపసముద్రం వుంది. (ఆ ఘనపురానికి ఇంకా ములుగు పేరే తోక!) ఎండాకాలం నీరు ఎంత మిగులుతుందో చూసుకుని చోటు నిర్ణయించాలి. మే నెలలో సాయంత్రం గాలిదుమారాలు లేస్తాయి కనుక పొద్దున ఆరు నుంచి తొమ్మిదింటి వరకే జరపాలి.

తినడానికే కష్టమైన చోట ఈ దొరల ఆటలు ఎందుకని కొందరు పెద్దలు అనవచ్చు. పడవలు ఖరీదైనవే, కాదనను. అందుకే తెరచాపతో మొదలుపెట్టనక్కరలేదు. బంగ్లాదేశ్ పల్లెల్లో చెరువులోనే వెదురు బొంగులతో దడి కట్టి, అందులో పిల్లలకు ఈత నేర్పుతున్నారు. మనకు వెదురు లేదా? మొదటి ఏడు ఈత, రెండో ఏడు ఒకటి రెండు పడవలు. కబడ్డీకి, వాలీబాల్‌కు ఏటా పెట్టే వేసవి శిబిరాల పట్టికలో ఈ ఒక్క అంశం చేర్చితే చాలు.

మూడు జిల్లాల కలెక్టర్లు, క్రీడాధికారులు వచ్చే ఏప్రిల్ లోపు ఒక్కొక్క చెరువును ఎంపిక చేయాలి. సర్పంచులు గ్రామసభలో తీర్మానం చేసి పంపాలి. అందులో సగం సీట్లు ఆడపిల్లలకని స్పష్టంగా రాయాలి. డబ్బు మంజూరైతే మొదట కొనవలసినవి పిల్లల కొలతకు సరిపడే లైఫ్ జాకెట్లు. పెద్దవాళ్లవి తెచ్చి పిల్లలకు తొడిగితే నీళ్లలో అవి తల మీదుగా జారిపోతాయి.