ప్రశ్నలకి కూడా టైమ్ పెట్టుకోండి

పిల్లల్ని మ్యూజియంకి తీసుకెళ్లడం అంటే మనలో చాలామందికి ఒక లెక్క ఉంటుంది. టికెట్, గేటు దగ్గర ఒక సెల్ఫీ, లోపల రెండు, బయటికి రాగానే మొక్కజొన్న పొత్తు. మొత్తం ఇరవై నిమిషాలు. స్టేటస్ పెట్టేస్తే ట్రిప్ అయిపోయినట్టే. వైజాగ్ బీచ్ రోడ్డులో ఉన్న టీయూ-142 విమానం దగ్గర మాత్రం ఈ లెక్క పనిచేయదు. పిల్లలు చేయనివ్వరు.

మా కొవ్వూరు పిల్లలకి వంతెన గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పుట్టినప్పట్నుంచీ గోదావరి మీద రైళ్లు చూస్తూనే ఉంటారు. విమానం అంటే మాత్రం అవతలి ఒడ్డున మధురపూడి వైపు దిగుతూ కనిపించే చుక్క, అంతే. అందుకే మొన్న సెలవుల్లో మా అక్క కొడుకునీ, మా పక్కింటి పాపనీ రైలెక్కించాను. వాడికి పదకొండేళ్లు, పాపకి తొమ్మిది. సుమారు 200 కిలోమీటర్ల ప్రయాణం.

ముందు విమానం సంగతి చెప్తాను. ఇది సోవియట్ యూనియన్‌లో తయారైంది. 1988లో మన నౌకాదళంలో చేరింది. ఇలాంటివి ఎనిమిది కొన్నారు. సముద్రం మీద గంటల తరబడి తిరుగుతూ జలాంతర్గాముల్ని వెతకడం దీని పని. 29 ఏళ్లు పనిచేసి 2017 మార్చిలో రిటైర్ అయింది. మ్యూజియం కోసం ఈ విమానాన్ని విడదీసి, ముక్కలుగా రోడ్డు మీద తెచ్చి, బీచ్ పక్కన మళ్లీ బిగించారు. అదే ఏడాది డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. రెక్క చివర నుంచి రెక్క చివరికి సుమారు 50 మీటర్లు. ఫొటోలో ఎంత జూమ్ అవుట్ చేసినా ఆ సైజు తెలీదు, కింద నిలబడాల్సిందే.

మావాడి మొదటి ప్రశ్న: "మావయ్యా, ఒక్కో ఇంజిన్‌కి రెండేసి ఫ్యాన్లు ఎందుకు?"

మంచి ప్రశ్న. నాలుగు ఇంజిన్లు. ప్రతి దానికీ ఒకదాని వెనక ఒకటి రెండు ప్రొపెల్లర్లు, ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. అమ్మమ్మ కవ్వం తిప్పితే మజ్జిగ సుడి తిరగడం చూశావు కదా అన్నాను. ముందు ప్రొపెల్లర్ గాలిని వెనక్కి తోస్తూనే అలా కొంత సుడి కూడా తిప్పేస్తుంది. ఆ సుడిలో వృథాగా పోయే శక్తిని వెనక ప్రొపెల్లర్ ఎదురు తిరిగి మళ్లీ తోపుగా మారుస్తుంది. వాడు అరచేతులు రెండూ ఎదురెదురుగా తిప్పి చూసుకున్నాడు. నేను ఇంజినీరింగ్‌లో టార్క్ అనే మాట నాలుగేళ్లు రాశాను. వాడు చేతులతో ఒక్క నిమిషంలో పట్టుకున్నాడు.

రెండోది కూడా వాడిదే: "నీళ్ల అడుగున ఉన్నది పైనుంచి ఎలా కనిపిస్తుంది?"

కనిపించదు, వినిపిస్తుంది. అక్కడ ప్రదర్శనలో సోనోబాయ్‌లు ఉన్నాయి, పొడుగు గొట్టాల్లాంటివి. విమానం వాటిని సముద్రంలో జారవిడుస్తుంది. గాలానికి బెండు ఎలా తేలుతుందో, అలా పైభాగం తేలుతుంది. కింద తీగకి మైకు వేలాడుతుంది. ఉప్పునీళ్లలో రేడియో తరంగాలు ఎక్కువ దూరం పోవు. శబ్దం మాత్రం సెకనుకి సుమారు 1,500 మీటర్ల వేగంతో పోతుంది. మైకు విన్నదాన్ని పైనున్న యాంటెన్నా విమానానికి పంపిస్తుంది. అసలు తమాషా ఏంటంటే, రోడ్డుకి అవతల ఐఎన్‌ఎస్ కురుసుర ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2002 నుంచి మ్యూజియంగా ఉన్న జలాంతర్గామి. వెతికేదీ, దాక్కునేదీ ఎదురెదురుగా రిటైర్ అయ్యాయి. రెండూ ఒకేరోజు చూడండి. ఒకటి చూస్తే సగం కథే.

పాప అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. వాళ్లమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి రెండేళ్లయింది. మా వైపు ఇలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి. ఆ పిల్లకి విమానం అంటే అమ్మని తీసుకెళ్లిపోయినది. విమానం లోపల సీట్ల దగ్గర ఆగి, "వీళ్లు ఎంతసేపు ఉండేవాళ్లు?" అంది. ఒక్కోసారి పది గంటలు దాటేది అన్నాను. "మధ్యలో ఇంటికి ఫోన్ చేసుకోనిచ్చేవాళ్లా?"

కుదరదమ్మా అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు. తనే కాసేపు ఆలోచించి, "ఆడవాళ్లు నడుపుతారా?" అని అడిగింది. దీనికి నా దగ్గర జవాబుంది. బిహార్‌లోని ముజఫర్‌పూర్ అమ్మాయి శివాంగి 2019 డిసెంబరులో మన నౌకాదళంలో తొలి మహిళా పైలట్ అయింది. ఆమె నడిపిన డోర్నియర్ కూడా సముద్రం మీద కాపలా తిరిగే విమానమే. పాప పేరు మళ్లీ చెప్పించుకుంది. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్లి అటూ ఇటూ చూసింది. ఆ సాయంత్రం వాళ్లమ్మకి వీడియో కాల్‌లో చెప్పిన మొదటి మాట బీచ్ గురించి కాదు, శివాంగి గురించి.

అందుకే చెప్తున్నా. మనకి జేఈఈ కోచింగ్‌కి ఆరో తరగతి నుంచే డబ్బులు కట్టే ఓపిక ఉంది. పిల్లాడు ఒక ఇంజిన్ ముందు పావుగంట నిలబడితే మాత్రం "పద పద, లేటవుతోంది" అంటాం. ఫార్ములా తర్వాతైనా నేర్చుకోవచ్చు. ఎందుకు అని అడిగే అలవాటు ఒకసారి పోతే కోచింగ్‌లో దొరకదు.

ఈసారి మీ ఇంట్లో పిల్లల్ని తీసుకెళ్లే ముందు రెండు పనులు చేయండి. మ్యూజియం వేళలు ఆన్‌లైన్‌లో చూసుకోండి. వచ్చే రైలుకి ముందు ఒక గంట ఖాళీ పెట్టుకోండి. వాళ్లు అడిగినదానికి మీకు జవాబు తెలీకపోతే ఇద్దరూ కలిసి వెతకండి, ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంటుంది. ఆ తర్వాత శ్రీహరికోట ఉంది. రాకెట్ ప్రయోగాలప్పుడు అక్కడి గ్యాలరీ నుంచి చూడటానికి ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. మావాళ్లిద్దరూ తదుపరి ప్రయోగం ఎప్పుడని రోజూ నా ఫోన్ లాక్కుంటున్నారు.