కలెక్టర్ గారి సర్వేకు గడువేది?

2025 ఏప్రిల్ 8న అమలులోకి వచ్చిన వక్ఫ్ సవరణ చట్టంపై మన సభలలో ఉపన్యాసాలు చాలా విన్నాము. బోర్డులలో ముస్లిమేతర సభ్యుల నియామకం గురించీ, వాడుక ద్వారా ఏర్పడే వక్ఫ్ గురించీ మాట్లాడనివారు లేరు. నాలుగవ సెక్షన్‌లో జరిగిన మార్పును మాత్రం పట్టించుకొన్నవారు తక్కువ. ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్ల మధ్య గుమస్తాగిరీ చేసిన మా కంటికి ముందుగా కనబడినది అదే.

1995 చట్టం ప్రకారం వక్ఫ్ ఆస్తుల సర్వేకు ప్రత్యేకంగా సర్వే కమిషనర్ ఉండేవారు. అప్పటికి సర్వే జరగనిచోట ఒక సంవత్సరంలో పూర్తి చేయాలని 2013 సవరణ నిర్దేశించింది. ఆ గడువు ఎంత గౌరవం పొందిందో పాఠకులకు తెలియనిది కాదు. అయినా నిలదీయడానికి ఒక తేదీ అంటూ ఉండేది. ఇప్పుడు కమిషనర్ బాధ్యత జిల్లా కలెక్టర్‌కు సంక్రమించింది. ఆగిపోయిన సర్వేలను ఆయన రాష్ట్ర రెవెన్యూ చట్టాల పద్ధతిలో ముగించి ప్రభుత్వానికి నివేదించాలి. ఎప్పటిలోగా? ఆ వాక్యంలో గడువు లేదు.

అయిదవ సెక్షన్ చూడండి. భూరికార్డులలో మార్పు చేసేముందు రెండు దినపత్రికలలో 90 రోజుల ప్రకటన ఇవ్వాలి, అభ్యంతరాలు వినాలి. వినవలసిందే, కాదనము. కాని అభ్యంతరానికి రోజులు లెక్కించి ఇచ్చిన చట్టం అధికారి పనికి ఒక్క రోజైనా లెక్కించకపోవడం ఏమి న్యాయం?

మా పట్టణపు ఖబరస్తాన్ అడంగల్‌లో ప్రభుత్వ పోరంబోకుగా నమోదై ఉన్నది. సరిదిద్దమని కమిటీ తరఫున మేమే అర్జీ రాశాము. ‘పరిశీలించి నివేదించవలెను’ అని పైనుండి కిందికి, ‘పరిశీలనలో ఉన్నది’ అని కిందినుండి పైకి మూడేళ్లు కాగితాలు తిరిగాయి. ఆ రెండు వాక్యాలూ ఉద్యోగంలో ఉండగా మా చేతులతో వందలసార్లు రాసినవే, దాచడమెందుకు! గడువు లేని ఫైలు బీరువా అడుగుకు చేరుతుంది. ఈలోగా ఖబరస్తాన్ ఉత్తరపు గట్టున రెండు రేకుల షెడ్లు లేచాయి.

ఇంకొక చిక్కు. ప్రభుత్వ భూములకు కాపలాదారు కలెక్టరే. వక్ఫ్‌గా చూపిన స్థలం ప్రభుత్వానిదేనన్న వివాదం వస్తే, ప్రభుత్వ అధికారి విచారణతోనే యాజమాన్యం తేల్చే నిబంధనలను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 15న నిలిపివేసింది. అది మధ్యంతర ఉత్తర్వు మాత్రమే. సర్వే బాధ్యత మాత్రం కలెక్టర్ చేతిలోనే ఉన్నది.

చట్టం గడువు పెట్టకపోతే పోనీ, రాష్ట్ర ప్రభుత్వం ఒక జీవో ద్వారా తన కలెక్టర్లకు గడువు విధించడానికి అడ్డేమున్నది? ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలను మేము అడుగుతున్నది అదే. స్థల పరిశీలనకు ముందు ముతవల్లికి లిఖితపూర్వకంగా తెలపాలి. పాత గెజిట్ జాబితాను ఎదురుగా ఉంచుకొని సర్వే చేయాలి. అందులోని ఏ ఆస్తినైనా వదిలివేస్తే కారణం రాతలో ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాకు ఎక్కించడంలో ఆలస్యం చేయరాదు, షెడ్లు లేచేది ఆ ఆలస్యంలోనే.

ఈ నెలలోనే మా కమిటీ కలెక్టర్ కార్యాలయంలో అర్జీ ఇస్తున్నది. అందులో అడిగేది ఒక్కటే: మా ఖబరస్తాన్ సర్వే ఏ తేదీలోగా ముగుస్తుంది? తక్కిన ఊళ్ల కమిటీలు కూడా అడగాలి. మసీదు, ఈద్గా, ఖబరస్తాన్ సర్వే నెంబర్లు, గెజిట్ ప్రతి జతచేయండి. రెండవ ప్రతిపై తేదీతో సహా కార్యాలయ ముద్ర వేయించుకోకుండా తిరిగి రాకండి.