ధనియాల స్థానం పోపుల డబ్బాలోనే

నేను పదవీ విరమణ చేయడానికి కొద్దికాలం ముందు సింగరాయకొండ నుండి ఒక గృహిణి నా వద్దకు వచ్చారు. ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, నడకలో చురుకు లేదు. థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారా అని అడిగితే తల వంచుకున్నారు. "మూడు నెలలుగా మానేశానండీ. రాత్రి నానబెట్టిన ధనియాల నీళ్లు తాగుతున్నాను. ఫోనులో వచ్చింది, డాక్టరుగారూ" అన్నారు.

ఇటువంటి సందేశాలు మీకూ వచ్చే ఉంటాయి. ధనియాలలో థైరాయిడ్ హార్మోను లేదు. ఆ గ్రంథి తయారు చేయలేని హార్మోనును బయటినుండి అందించడమే మాత్ర చేసే పని. నానబెట్టిన నీరు ఆ లోటును పూడ్చలేదు.

అంతమాత్రాన ధనియాలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఇవి మన నల్లరేగడి నేలల్లో నిలిచిన తేమతోనే శీతకాలంలో పండే పంట. సాధన, స్వాతి, సింధు వంటి రకాలు గుంటూరు దగ్గరి లాం పరిశోధనా స్థానం నుండే వచ్చాయి. అయినా మన వంటింట్లో పెత్తనమంతా మిరపకాయదే. మొదటి ముద్ద కారప్పొడితోనో ఊరగాయతోనో మొదలయ్యే ప్రాంతం మనది. కారం పెరిగిన కొద్దీ ఉప్పూ పెరుగుతుంది. రోజుకు అయిదు గ్రాములలోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, ఊరగాయ జాడీ ముందు ఆ లెక్క ఎవరికి గుర్తుంటుంది? రక్తపోటు ఉన్నవారికి నేను ధనియాలు సూచించేది ఇక్కడే.

ధనియాల కారం చేసి చూడండి. గుప్పెడు ధనియాలకు అయిదారు ఎండుమిరపకాయలు, చెంచాడు జీలకర్ర, ఉసిరికాయంత చింతపండు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు రెబ్బల కరివేపాకు. పులుపూ సువాసనా ఉన్నాయి గనుక ఉప్పు సగం వేసినా నాలుక గుర్తుపట్టదు. సన్నని మంటపై కమ్మని వాసన వచ్చేవరకే వేయించాలి, నల్లబడితే చేదు. గుత్తివంకాయలో వేరుశనగ, కొబ్బరి సగానికి తగ్గించి ఆ మేరకు ధనియాల పొడి వేస్తే గుజ్జు చిక్కబడుతుంది, నూనె తేలదు. చారుకైతే ధనియాలు, మిరియాలు, జీలకర్ర పచ్చిగా దంచి దించే ముందు వేయండి. మా ఇంట్లో జ్వరం వచ్చిన రోజున ఇదే పథ్యం.

పొడి మాత్రం కొనవద్దు. ధనియాల సువాసనకు మూలమైన లినలూల్ త్వరగా ఆవిరైపోతుంది. నెలల నాటి పొడిలో మిగిలేది పొట్టే. పైగా తవుడు, రంపపు పొట్టు కలిపే అవకాశమూ ఉంది. గింజలు కొని వారానికి సరిపడా దంచుకోండి.

ఆ గృహిణి తిరిగి మాత్ర మొదలుపెట్టి, రెండు నెలలకు తేరుకున్నారు. ఇప్పటికీ ధనియాల నీళ్లు తాగుతారట. పరగడుపున మంచినీళ్లతో మాత్ర వేసుకుని, గంట గడిచాక. నేను వద్దనలేదు.