రెండోవాళ్లేరీ?

అమెరికాలో ఫిలిపినో మూలాలున్న ఎవరైనా సినిమా తీస్తే చాలు, పేరు ముందు ‘మొట్టమొదటి’ అని తగిలించేస్తారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. 1906లో పదిహేనుమంది హవాయి చెరుకు తోటలకు వచ్చిననాటి నుంచీ ఆ దేశంలో గడలు నరికి, ద్రాక్ష కోసి, ఆసుపత్రుల్లో రాత్రుళ్లు మేలుకుంటున్న జనం ఇంకా మొదటివాళ్లనే లెక్కపెట్టుకుంటున్నారంటే ఏమనుకోవాలి? నిన్నటివాళ్లు కట్టింది ఇవాళ్టివాళ్ల దాకా రాకుండా మధ్యలోనే కూలిపోతోందన్నమాట.

కూల్చారు కూడా. శాన్‌ఫ్రాన్సిస్కో కర్నీ వీధిలో ఇంటర్నేషనల్ హోటల్ ఉండేది. పొలం పనుల్లో ఒళ్లు హూనం చేసుకున్న ఫిలిపినో ముసలివాళ్లు అందులో ఇరుకు గదులు అద్దెకు తీసుకుని బతికేవారు. అందరికీ వాళ్లు ‘మనాంగ్’లే. ఇలోకానో భాషలో అన్నయ్య అని. అదే భవనంలో కింద, 1972లో పుట్టిన కర్నీ స్ట్రీట్ వర్క్‌షాప్ నడిచేది. ఆసియా మూలాల కుర్రాళ్లు అక్కడ పోస్టర్లు అచ్చువేసేవారు, కవిత్వం చదివేవారు. పైన అన్నయ్యల జ్ఞాపకాలు, కింద తమ్ముళ్ల చేతులకంటిన రంగులు, మధ్యలో ఒక మెట్ల వరస. కళాకారులకు సముదాయం కావాలని ఎవరన్నా నాకు ఆ మెట్లే గుర్తొస్తాయి.

1977 ఆగస్టు 4 తెల్లవారుజామున, చేతులు పట్టుకుని అడ్డంగా నిలబడ్డ వేలమందిని చీల్చుకుంటూ పోలీసులు లోపలికి వెళ్లి ఆ ముసలివాళ్లను వీధిన పడేశారు. తర్వాత భవనాన్ని నేలమట్టం చేశారు. ఆ చోట మళ్లీ వృద్ధులకు ఇళ్లు, మనీలాటౌన్ పేరుతో ఫిలిపినోల కేంద్రం లేచేసరికి 2005 వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లు! ఈలోగా ఒక తరం కళాకారులు పుట్టి, పెరిగి, తలదాచుకునే చోటు లేక చెల్లాచెదురయ్యారు. కర్టిస్ చోయ్ ‘ద ఫాల్ ఆఫ్ ది ఐ-హోటల్’ డాక్యుమెంటరీ తీసి ఉండకపోతే ఆ రాత్రి కూడా మనకు మిగిలేది కాదు.

చిత్రకారుడు కార్లోస్ విల్లా కుర్రతనంలో ఫిలిపినో కళాచరిత్ర గురించి అడిగితే, అలాంటిదేమీ లేదని గురువే చెప్పాడు. ఆయన ఆ మాట మింగి ఊరుకోలేదు. ఈకలు కుట్టిన అంగీలు చేశాడు, దశాబ్దాలపాటు పాఠాలు చెప్పాడు, సభలు పెట్టి ఎక్కడెక్కడి కళాకారుల్నో ఒక గదిలో కూర్చోబెట్టాడు. 2013లో పోయాడు. ఆయన జీవితకాలపు పనిని ఒకచోట చేర్చి పెద్ద మ్యూజియంలు గొప్పగా చూపించింది 2022లో. మనిషి ఉండగా ఏం చేశారు?

సినిమావాళ్లది ఇంకా చేదు. జీన్ కజయోన్ బృందం ‘ద డెబ్యూ’ను 2001లో తామే పంపిణీ చేసుకుంటూ ఊరూరా తిప్పింది. ‘ఎల్లో రోజ్’ తెరకెక్కించడానికి డయాన్ పరాగాస్‌కు పదిహేనేళ్లు పట్టింది. 2019లో వెనిస్ దాకా వెళ్లిన ‘లింగ్వా ఫ్రాంకా’కు రచన, దర్శకత్వం, ఎడిటింగ్, ప్రధాన పాత్ర అన్నీ ఇసబెల్ సాండోవలే. ఆవిడ ప్రతిభకు చేతులెత్తి మొక్కుతాను. కానీ పదిమంది పంచుకోవాల్సిన బరువు ఒక్కరి నెత్తిన పెట్టి, ఆ ఒక్కరూ నిలబడితే చప్పట్లు కొట్టే పద్ధతిని మాత్రం సహించను.

పోనీ జనం లేరా? నలభై లక్షల పైచిలుకు ఉన్నారు. 2024లో మనీలా తారల ‘హలో, లవ్, అగైన్’ వస్తే థియేటర్లు నింపి, ఆ వారాంతపు అమెరికా వసూళ్లలో తొలి పదింటి సరసన నిలబెట్టారు. ఆ ప్రేమను నేను తప్పుపట్టను. అదే టికెట్టు డబ్బు పక్కవీధి అమ్మాయి తీసిన సినిమాకు ఎందుకు తెగదని అడుగుతున్నాను. అమెరికాలోని మన తెలుగు సభలనూ ఇదే అడగాలి. హైదరాబాద్ నుంచి తారల్ని పిలిపించుకుంటాం, అమెరికాలోనే పుట్టి కెమెరా పట్టిన పిల్లకు వేదిక మీద ఎంతసేపు ఇస్తాం?

ఫిలిపినోలకు ‘బయానిహాన్’ అనే అందమైన మాట ఉంది. ఊరంతా కలిసి వెదురు బొంగుల మీద ఇంటికి ఇల్లే ఎత్తి భుజాన మోసుకెళ్లడం. ఐకమత్యం గురించి మాట్లాడిన ప్రతిసారీ ఈ బొమ్మే చూపిస్తారు. మోయడానికి ముందు ఇల్లంటూ ఉండాలి కదా! అమెరికాలో ఏటా అక్టోబరులో తమ చరిత్ర మాసం జరుపుకుంటారు, 2016లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘సోమా పిలిపినాస్’ అని ఒక వాడకు గుర్తింపూ తెచ్చుకున్నారు. మంచిదే. ఆ వాడలో అద్దె పెరిగితే చిత్రకారిణి ఎక్కడికి పోవాలి? పాత సినిమాల రీళ్లు ఎవరి గ్యారేజీలో పాడవుతున్నాయి?

ఈ అక్టోబరులో దర్శకుణ్ణి వేదికెక్కించి పూలగుత్తి ఇవ్వకండి. రెండో సినిమా ఎక్కడిదాకా వచ్చిందని అడగండి. అడిగి, ఆ ఎడిటింగ్ గదికి ఒక నెల అద్దె కట్టండి.