ఎవరి కళ్లతో చదవాలి?

పరువునష్టం కేసులో మొదట తేలవలసింది ఆ మాటల అర్థం. ఏ అర్థం ఖాయమైతే దాన్నే ప్రతివాది రుజువు చేసుకోవాలి. కనుక గెలుపోటములు చాలావరకు అక్కడే నిర్ణయమవుతాయి. మరి కింది కోర్టు ఖాయం చేసిన అర్థాన్ని పై కోర్టు ఎప్పుడు మార్చవచ్చు? కులవివక్షపై నోరు విప్పే ప్రతి విద్యార్థికీ సంబంధించిన ప్రశ్న ఇది.

2019 ఏప్రిల్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి ఇక్కడ ప్రస్తావనార్హం. మాజీ భర్త తన గొంతు నులమబోయాడని ఒక మహిళ ఫేస్‌బుక్‌లో రాశారు. ఆయన దావా వేశారు. విచారణ జరిపిన జడ్జి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తిరగేసి, ‘చంపబోయాడు’ అన్నదే దాని అర్థమని తేల్చారు. అది రుజువు కాలేదు, ఆమె ఓడిపోయారు. అప్పీలు కోర్టు కూడా దాన్నే సమర్థించింది. సుప్రీంకోర్టు మాత్రం తోసిపుచ్చింది. ఫేస్‌బుక్ చదివేవారు నిఘంటువు ముందేసుకొని కూర్చోరు. మెడ పట్టుకొని బలంగా నొక్కాడనే అనుకుంటారు అన్నది జస్టిస్ కెర్ తీర్పు సారాంశం.

అదే తీర్పు పై కోర్టులకు సంయమనాన్నీ బోధించింది. తమకు వేరే అర్థం నచ్చినంత మాత్రాన జోక్యం తగదు; కింది జడ్జి చెప్పిన అర్థం సహేతుకమైన పరిధి దాటితేనే దిద్దాలి. ఈ నిగ్రహం అవసరమేనని నా అభిప్రాయం. లేకుంటే కింది కోర్టులో గెలిచిన పేద ప్రతివాదిని ధనబలం ఉన్నవారు అప్పీళ్ల మీద అప్పీళ్లతో అలసిపోయేలా చేస్తారు.

అయితే కుల సమాజంలో ఈ నిగ్రహానికి మరో ముఖం ఉంది. ‘సామాన్య పాఠకుడు’ ఎవరు? ‘మా విభాగంలో మమ్మల్ని అంటరానివాళ్లలా చూస్తున్నారు’ అని ఒక దళిత విద్యార్థిని రాసిందనుకుందాం. వాడను ఎరిగిన పాఠకులకు అది అనుభవించిన అవమానం. అగ్రహారాన్ని మాత్రమే ఎరిగినవారికి అది అధ్యాపకులపై మోపిన నేరారోపణ. రెండో అర్థమే ఖాయమైతే, ఆమె తన అనుభవాన్ని కాదు, ఒక నేరాన్ని నిరూపించవలసి వస్తుంది.

మన చట్టం కూడా తటస్థమైనది కాదు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 499 సెక్షన్ నాలుగో వివరణ, ఒకరి ‘కులం’ విషయంలో ఇతరుల దృష్టిలో చులకన చేయడాన్ని పరువునష్టంగా గుర్తించింది. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356 సెక్షన్‌లోనూ ఆ మాట చెక్కుచెదరలేదు. కులాన్ని బట్టి పరువును తూచే సమాజంలో ‘ఇతరుల దృష్టి’ అంటే ఎవరి దృష్టి?

సివిల్ దావాల్లో చిక్కు ఇంకా లోతైనది. మొదటి అప్పీలులో వాస్తవాలనూ పరిశీలించవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 100 సెక్షన్ కింద హైకోర్టుకు వెళ్లే రెండో అప్పీలుకు మాత్రం ముఖ్యమైన న్యాయప్రశ్న ఉండాలి. అర్థనిర్ణయాన్ని కేవలం వాస్తవాంశంగా చూస్తే, ఆధిపత్య కులం కళ్లతో చేసిన పఠనం అక్కడ ప్రశ్నకు అందకుండా పోతుంది.

అందుకే నేననేది ఇది: మాటల అర్థం తేల్చే పనిని విచారణ కోర్టుకే వదలండి. కానీ ఆ కోర్టు ఎవరిని పాఠకులుగా ఎంచుకుంది, ఏ సందర్భాన్ని విస్మరించింది అన్నదాన్ని న్యాయప్రశ్నగా పరిగణించి పై కోర్టులు నిస్సంకోచంగా పరీక్షించాలి. ఊరికి ఒక చదువరి, వాడకు మరో చదువరి ఉన్న దేశంలో, ఊరి చదువునే అందరి చదువుగా ఖాయం చేయడం న్యాయం కాదు.